ఎర్రమ్మ పై పళ్ళూ, మా సర్వే కాగితాలూ

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు, ఎందుకంటే మా చెల్లి నా డైరీ చదువుతుంది. ఉద్యోగంలో మొదటి రోజు నేను ఎవరినీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. భోగాపురం దగ్గర ఒక బస్ షెల్టర్‌లో కూర్చుని, ఏడుగురు మనుషుల్ని పుట్టించి, పేర్లు పెట్టి, వాళ్ళ పళ్ళ బాధలన్నీ నేనే రాసేశాను.

ఏదో రాశానంటే రాయడం కాదు, మనసు పెట్టి రాశాను. ఒకాయనకు దవడ పన్ను ఊడిన నాటి నుంచి జీవితం మీద విరక్తి. ఒకావిడ తన ఎత్తు పళ్ళు కనబడతాయని ఏళ్ళ తరబడి నవ్వలేదు, చివరికి నవ్వడమే మర్చిపోయింది. అంతవరకూ నేను చదివిన నవలలన్నీ ఆ ఏడు నోళ్ళలో పెట్టేశాను. మా సారు ఆ కాగితాలు చూసి, "ఇంత లోతైన సమాచారం ఇంతవరకూ ఎవరూ తేలేదు" అని మిగతా వాళ్ళందరికీ చూపించారు.

నాకు భయం పట్టుకుంది. మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగి, ఏడుగురు నిజం మనుషుల్ని వెతికి పట్టుకుని, వాళ్ళ జవాబులు తెచ్చి, ఎవరూ చూడకుండా పాత కాగితాల స్థానంలో పెట్టేశాను. వారం తర్వాత సారు ఆ కట్ట తిరగేసి, "ఏమ్మా, ఈమధ్య నీ పనిలో నాణ్యత తగ్గింది" అన్నారు.

ఇంతకీ ఏం ఉద్యోగం

ముప్పై నిండకుండానే ఆ వృత్తి నుంచి రిటైరైనదాన్ని. ప్రాజెక్టు ముగిసింది, నేనూ ముగిశాను. ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగక్కర్లేని ఒక గదిలో పని చేస్తున్నాను. కానీ ఇలాంటి సర్వే పనుల్లోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు పని ఎలా ఉంటుందని అడుగుతున్నారు. ఎదురుగా చెప్పడం నా వల్ల కాదు కనుక రాసిస్తున్నాను.

అది ఒక దంత వైద్య కళాశాల వాళ్ళ పరిశోధన. నోటి ఆరోగ్యానికీ, ముఖం అందానికీ, మనిషి బతుకు బాగుండటానికీ సంబంధం ఎంతో తేల్చాలి. తేల్చేది సారు, తిరిగేది మేము. విజయనగరంలో సంగీతం మాస్టారి కూతుర్ని నేను. మా ఇంట్లో నోరు తెరిచేది నాన్నగారొక్కరే, అదీ పాఠం చెప్పడానికి. అలాంటిదాన్ని ఊళ్ళ మీద పడి జనాన్ని నోరు తెరవమని అడగాల్సి వచ్చింది.

అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద ఇలా ఉండేవి: "గత నాలుగు వారములలో మీ దంతముల స్థితి వలన మీకు ఇతరుల ఎదుట సంకోచము కలిగినదా?" జవాబులు ఐదు: ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. మొదటిదానికి సున్నా, చివరిదానికి నాలుగు మార్కులు. ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ బాధ ఉన్నట్టు. గరివిడిలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన ఈ ప్రశ్నలన్నిటికీ చేతులు కట్టుకుని నిలబడి జవాబులు చెప్పి, చివర్లో "పాసయ్యానా అమ్మా?" అన్నాడు. అప్పటి నుంచి కాగితంలో ఉన్న భాషలో ప్రశ్న అడగడం మానేశాను. మీరూ మానేయండి.

భోగాపురం వైపు ఇంకో చిక్కు. విమానాశ్రయం వస్తుందని అక్కడ అందరూ భూముల మాటలే మాట్లాడుకునే రోజులవి. సర్వే అన్న మాట వింటే తలుపులు మూసుకునేవి. పళ్ళ సర్వే అన్నా నమ్మలేదు. "ముందర పళ్ళు లెక్కెడతారు, తర్వాత పొలాలు లెక్కెడతారు" అని ఒక ముసలాయన నోరు గట్టిగా బిగించుకుని కూర్చున్నాడు.

ఏడో నంబరు పిల్ల

ముఖం అందం గురించి తెలుసుకోవడానికి మా సంచిలో పన్నెండు ఫొటోలు పెట్టారు. అన్నీ నవ్వుతున్న అమ్మాయిలవి. ఒక్కొక్కటీ చూపించి, ఆ నవ్వుకు పదికి ఎన్ని మార్కులని అడగాలి. ఇది ఎక్కడో పెద్ద ఊళ్ళో కూర్చున్న పెద్దలు ఆలోచించిన పద్ధతి. సంచిలో ఆడపిల్లల ఫొటోలు పెట్టుకుని గడప తొక్కిన మనిషిని మా వైపు ఏమనుకుంటారో వాళ్ళకు తెలియదు.

రాజాంలో ఒక ధాన్యం వ్యాపారి భార్య నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"ఈ నవ్వుకు పదికి ఎన్ని వేస్తారండీ?"

"మార్కులకేటి గాని, ఏటి సదివింది పిల్ల?"

"తెలీదండీ. నవ్వు మాత్రం చూసి..."

"తెలీకుండా సంబంధాలు ఎలగ తిప్పుతావమ్మా? కొత్తేటి నువ్వు? అన్నదమ్ములెంతమంది?"

నేను బయటపడేసరికి ఏడో నంబరు ఫొటో పక్కన మార్కుల గడిలో 'మా మరిదికి ఖాయం' అని ఆవిడే రాసింది. రెండు వారాలకు మరిదిని వెంటబెట్టుకుని, తాంబూలాల సంగతి మాట్లాడటానికి నేరుగా కాలేజీకే వచ్చింది. ఆ అమ్మాయి ఎవరో, ఏ రాష్ట్రమో సారుకూ తెలియదు. ఆయన ఒక గంట సేపు బతిమాలితే, ఆవిడ లేచి, "ఇంత పెద్ద ఆఫీసు పెట్టుకుని ఒక్క పిల్ల అడ్రసు సెప్పలేరు" అని వెళ్ళిపోయింది.

సున్నా

ఇక ఎర్రమ్మ సంగతి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదంతా ఆవిడ దగ్గరే.

భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో చేపల వేలం వేసేది ఎర్రమ్మ. పడవలు ఒడ్డుకు రాగానే బుట్ట పక్కన నిలబడి పాట పెడుతుంది, కొనేవాళ్ళు తల ఊపి పాడతారు. వేలం వేసినందుకు బుట్టకో గుప్పెడు చేపలు ఆవిడవి. మగడు పోయిన దగ్గర్నుంచి ఆ గుప్పెడే ఆవిడ తిండి, ఆ నిలబడటమే ఆవిడ పరువు. అలాంటి మనిషికి పై పళ్ళన్నీ ఊడిపోయాయి. గొంతు వెనక వరుసకు వినబడటం లేదని జనం గొణుగుతున్నారు. ఏటా వేసవిలో రెండు నెలల వేట నిషేధం ముగిశాక మొదటి వేలం ఎవరు వేస్తే ఆ ఏడాదంతా వాళ్ళే వేయాలన్నది ఆ ఊరి కట్టు. ఈ వచ్చే నిషేధం అయ్యాక ఎర్రమ్మా, ఆవిడ చిన్న తోడికోడలు గుర్రమ్మా ఇద్దరూ పాట పెట్టాలనీ, చివరి పడవ దాకా ఎవరి గొంతు గట్టిగా వినబడితే వేలం వాళ్ళదేననీ ఊరి పెద్ద అప్పన్న చెప్పేశాడు.

ఇదంతా నాకు ఊళ్ళో అడుగు పెట్టిన పావుగంటలో నలుగురు చెప్పారు. తర్వాత ఎర్రమ్మను పడవ నీడలో కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను.

"పళ్ళు లేవని నలుగురిలో ఎప్పుడైనా సిగ్గనిపించిందామ్మా?"

"నాకేటి సిగ్గు? ఎప్పుడూ నేదు."

"తినడానికి ఇబ్బందిగా ఉందా?"

"రొయ్యేటి, రాయైనా నమిలీగలను. నేదు."

"నవ్వడానికి?"

"నవ్వితే ఎవడేటంతాడు? సెప్పుచ్చుకు కొడతాను. నేదని రాయి."

పక్కన చేపలు ఏరుతున్న గుర్రమ్మ తలెత్తకుండానే అంది: "అప్పా, నిన్న పాటలో నీ గొంతు నా బుట్టకాడికే రానేదు. అది కూడా రాసుకోమను."

"నీ సెవులు కుళ్ళిపోతే నా గొంతుకేటే!"

అన్నీ కూడితే సున్నా. మా లెక్క ప్రకారం రెండు జిల్లాల్లోకీ అంత సుఖంగా బతుకుతున్న మనిషి లేదు.

నేను బయల్దేరుతుంటే పడవ చాటుకు లాగి నా చెయ్యి పట్టుకుంది.

"మీ డాట్రుబాబు ఊరికే పళ్ళు కట్టిత్తాడంట. నాకెప్పుడు కడతాడు?"

"కష్టంగా ఉందని చెప్పిన వాళ్ళకే కడతారమ్మా."

"కష్టమని ఆ గుర్రి ముందర సెప్పమంతావా? నాకు పళ్ళొద్దు, ఏటొద్దు." రెండు అడుగులు వేసి వెనక్కు తిరిగింది. "ఒద్దన్నానని మానీకండి మరి."

బస్సులో కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను. సున్నాలు నాలుగులు చేయడం ఎంతసేపు? ఏడుగురిని శూన్యంలోంచి పుట్టించిన చెయ్యి నాది. కలం మూత కూడా తీశాను. కానీ లేని మనిషి పేరున అబద్ధం రాసినంత తేలిక కాదు, ఉన్న మనిషి మాట దిద్దడం. ఎర్రమ్మ తెలిసే లేదంది. ఆ లేదు ఆవిడది. దాన్ని కొట్టేయడానికి నేనెవరు? కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

సారు తల

మిగిలింది సారుకు చెప్పడం. ఆయనతో అప్పటికి నేను వరసగా రెండు వాక్యాలు మాట్లాడలేదు. చెప్పాల్సింది డైరీలో రాసుకుని, బట్టీ పట్టి, గదిలోకి వెళ్ళి, సగం మర్చిపోయి, "సార్, సముద్రం దగ్గరకు వెళ్ళాలనిపిస్తోంది" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసేసి, కుర్చీ జరిపి, "ఏ కష్టమున్నా కూర్చుని మాట్లాడుకుందామమ్మా" అన్నారు.

మొత్తం మీద మర్నాడు ఇద్దరం జీపులో వెళ్ళాం. సారుది ఈ ప్రాంతం కాదు. మంచి డాక్టరు, మంచి మనిషి. రోగి మాట్లాడుతున్నంతసేపూ చిరునవ్వుతో తల ఊపుతుంటారు. ఆ అలవాటు చూసే రోగులు ఆయన్ను ఇష్టపడతారు. అదే తలతో వేలంలో ముందు వరసలో నిలబడ్డారు.

ఎర్రమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాట మొదలుపెట్టింది. ఆవిడ ఉచ్చారణ ఎక్కడ దెబ్బతింటోందో సారు శ్రద్ధగా వింటూ తల ఊపారు. పాట ఆయనదైంది. ఇంకెవరో పాడారు. సారు మళ్ళీ ఊపారు. ఆ తర్వాత పోటీ ఎవరూ లేకపోయినా తన మీద తనే రెండుసార్లు పాడుకున్నారు. నాకు తెలుస్తూనే ఉంది, కానీ అంతమందిలో ఆయన చొక్కా లాగడానికి సిగ్గేసింది. రెండు బుట్టల కవళ్ళ చేపలు తెచ్చి జీపులో పెట్టాక గాని ఆయనకు విషయం అర్థం కాలేదు.

"డాట్రుబాబుకి కవళ్ళంటే ఎంత ఇష్టమో, పాపం!" అని ఎవరో జాలిపడ్డారు.

దారిలో, మోకాళ్ళ దాకా చేపల మధ్య కూర్చుని సారు అన్నారు: "పై పళ్ళు లేక గాలి పోతోంది. అందుకే గొంతు సాగటం లేదు."

"కొంగు అడ్డం పెట్టుకుంటోంది సార్."

"ఎండకేమో."

"అవును సార్," అన్నాను. ఎండ వీపు వైపు ఉందని నాకు తెలుసు. అయినా అవునన్నాను. నా వృత్తి జీవితంలో పెద్ద తప్పు ఏదంటే బస్ షెల్టర్‌లో ఏడుగురు కాదు, ఈ 'అవును సార్'. పెద్దవాళ్ళకు తెలిసినది వాళ్ళకు తెలుసు, మీరు కళ్ళతో చూసినది మీకు తెలుసు. చిన్నగానైనా సరే, రెండోసారి చెప్పండి.

ఆ సాయంత్రం మా అమ్మ వాసన చూసి నన్ను పెరట్లోనే ఆపేసింది. బావి దగ్గర నాలుగు బిందెలు పోశాక గాని గడప దాటనివ్వలేదు. నాన్నగారు కిటికీ మూసుకున్నారు.

నిప్పుకి గూడు

తర్వాత సారు స్వయంగా ప్రశ్నలు అడిగినా ఎర్రమ్మ అన్నిటికీ లేదనే చెప్పింది. అయితే కాగితం చివర డాక్టరు పరీక్షించి రాసే గడి ఒకటుంది. నమలడానికి పళ్ళు లేవని అందులో రాసి, సంతకం పెట్టి, పళ్ళు కట్టడానికి ఎంపిక చేశారు. మంచి పై అధికారికి గుర్తు ఇదే అని నా లెక్క. ఆవిడ జవాబు మార్చమని నన్ను అడగలేదు. ఇంకో తలుపు వెతికారు.

నోరు పరీక్షిస్తే అంగిలి మీద పాలిపోయిన మచ్చలు కనిపించాయి. ఆ ఒడ్డున చాలామంది ఆడవాళ్ళలాగే ఎర్రమ్మదీ అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటుంది.

"నిప్పు లోపల పెట్టుకుంటే కాలదా?" అన్నారు సారు.

"బయటెడితే గాలికి ఆరిపోద్ది గదా బాబూ. ఒడ్డున నిప్పుకి నోరే గూడు."

"ఈ మచ్చలతో ఇప్పటికి భయం లేదు. రేపు మంచివి కావు. మానెయ్యాలి. పైగా పళ్ళు అతికించే పలక నిప్పు తగిలితే వంగిపోతుంది."

ఎర్రమ్మ రొంటిన ఉన్న చుట్ట తడుముకుంది. "అయితే పళ్ళు తీసీసి కాల్సుకుంతాను" అంది. ఎంతో పెద్ద మనసుతో ఒప్పుకున్నట్టు.

పళ్ళు కట్టిన రోజు అద్దం ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఎవులిది?" అంది. తర్వాత, "గుర్రి సూసిందా?" అంది. సారు పెదవి అంచును స్కేలుతో కొలిచి, నవ్వు అందానికి పదికి తొమ్మిది వేసుకున్నారు.

మొదటి వేలం

వేట మళ్ళీ మొదలైన రోజు ఊరంతా ఒడ్డునే ఉంది. అప్పన్న తువ్వాలు భుజాన వేసుకుని చివరి పడవ దగ్గర నిలబడ్డాడు. అంత దూరానికి గొంతు చేరాలి, చేరితే తువ్వాలు ఎత్తుతాడు. సారు కెమెరా తెచ్చుకున్నారు, తల మాత్రం కదపకుండా దూరంగా నిలబడ్డారు.

ముందు గుర్రమ్మ పాట పెట్టింది. శంఖం ఊదినట్టు వినబడింది. అప్పన్న తువ్వాలు ఎత్తాడు.

తర్వాత ఎర్రమ్మ. కొంగు అడ్డం లేదు, పళ్ళు తళతళలాడుతున్నాయి. కానీ నాలుక మొత్తం ఆ పలకను కాపలా కాయడంతోనే సరిపోతోంది. గొంతు మొదటి వరస దాటలేదు.

"ఏటమ్మా, పెళ్ళి మంత్రం సదువుతన్నావేటి?" అన్నాడొకడు. జనం నవ్వారు. తువ్వాలు లేవలేదు.

ఎర్రమ్మ మొహం ఎర్రబడింది. గుండె నిండా గాలి పీల్చుకుని, "వంజరం!" అని అరిచింది. ఆ అరుపుకు పై పళ్ళ సెట్టు ఎగిరి, ఎండలో ఒకసారి మెరిసి, ఎదురుగా ఉన్న కవళ్ళ బుట్టలో పడింది.

ఎర్రమ్మ చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది, నోరు మూసుకుంది. గుర్రమ్మ వంగి, బుట్టలో చెయ్యి పెట్టి, పళ్ళు తీసి, అలలో కడిగి, తలకంటే ఎత్తున పట్టుకుంది.

"సూడండ్రో! పెద్ద డాట్రు కట్టిన పళ్ళు! రెండు వారాలే వాడినవి! ఎవులికి కావాల, పాడండి!"

"ఒక బుట్ట కవళ్ళు!" అని ఎవడో కూశాడు.

"రెండు! మా అత్తకి పనికొత్తాయి!"

సారు కంగారుపడి, పళ్ళు తీసుకోమని నాకు తలతో సైగ చేశారు. "డాట్రుబాబు మూడు!" అని అరిచింది గుర్రమ్మ. "మూడు ఒకటోసారి... మూడు రెండోసారి..."

"ఓసి గుర్రీ!"

ఆ కేక ఎక్కడి నుంచి వచ్చిందో మొదట నాకు తెలియలేదు. ఎర్రమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. కొంగు వెనక జెండాలా ఎగురుతోంది. నోరు బార్లా తెరుచుకుని ఉంది, పైన ఒక్క పన్ను లేదు. "నా పళ్ళు నాకే పాట పెడతావేటే! నాలుగు బుట్టలు! ఐదు! పది! దమ్మున్నోడు నా మీద పాడండ్రా సూత్తాను!"

గట్టు మీద కుక్కలు లేచి పరిగెత్తాయి. ఇంకా నీళ్ళలో ఉన్న పడవ వాళ్ళు ఏమైందోనని తెడ్లు ఆపేశారు. చివరి పడవ దగ్గర తువ్వాలు లేచింది, ఒకసారి కాదు, గబగబా నాలుగుసార్లు.

"ఇనబడింది! నీ పళ్ళు నీయే, నీ పాట నీదే! ఇంక ఆపవే తల్లీ, సెవులు పోతన్నాయి!" అన్నాడు అప్పన్న.

గొంతుకు ఏ జబ్బూ లేదు. నెలల తరబడి దాన్ని ఆపింది ఆ కొంగు. దాని మాట జీపులో ఒకసారి అని, ఊరుకున్నదాన్ని నేను.

గుర్రమ్మ పళ్ళు తెచ్చి అక్క చేతిలో పెట్టి, "ఇంద. కడిగాన్లే" అని తన బుట్టల దగ్గరకు వెళ్ళిపోయింది. తోడికోడలి పరువు తియ్యడానికి పాట పెట్టిందో, గొంతు బయటికి తియ్యడానికి పెట్టిందో నేను అడగలేదు. మా కాగితాల్లో ఆ ప్రశ్న లేదు.

రెండోసారి ప్రశ్నలు

మూడు నెలల తర్వాత అవే ప్రశ్నలు మళ్ళీ అడగాలి. అప్పటికి పళ్ళు స్టీలు డబ్బాలో ఉన్నాయి. పెళ్ళిళ్ళకూ, ఫొటోలకూ, చుట్టాలొచ్చినప్పుడూ పెట్టుకుంటుంది. వేలానికి మాత్రం బోసినోరే. అడ్డపొగ రోజుకు రెండుకు తగ్గించానంది. సారు అంగిలి చూసి నిజమేనన్నారు.

అదే పడవ నీడలో కూర్చున్నాం. ప్రాజెక్టు ముగుస్తోంది, ఆ ఊరికి నేను వెళ్ళడం అదే ఆఖరు.

"పళ్ళు లేవని నలుగురిలో సిగ్గనిపించిందామ్మా?"

"ఇది ముందరోసారి అడిగావు గదా. అప్పుడేటని రాసినావు?"

"ఎప్పుడూ లేదని."

"అది కొట్టీ."

"కొట్టకూడదమ్మా. మీరు చెప్పిందే ఉండాలి."

"అయితే పక్కన రాయి." గుర్రమ్మ ఎంత దూరంలో ఉందో చూసుకుంది. గొంతు తగ్గించింది. ఆ గొంతు అంత తగ్గగలదని నాకు తెలియదు. "అప్పుడు... ఎల్లప్పుడూనే. నీళ్ళు తాగినా కొంగు అడ్డమెట్టుకునేదాన్ని. ఇప్పుడు నేదు."

పక్కన పెన్సిల్‌తో రాశాను. సారు లెక్కలో మాత్రం గడిలో ఉన్నదే చెల్లుతుంది. అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా. ఎర్రమ్మ బతుకులో ఏ మార్పూ రాలేదని తేలింది. ఆ కాగితాన్ని సారు చాలాసేపు చేతిలో పట్టుకుని, పెన్సిల్ రాత చెరిపేయకుండా అలాగే ఫైల్లో పెట్టారు.

ఆ రోజు ఒడ్డున మాత్రం ఎర్రమ్మ చదవడం రాకపోయినా ఆ రాత మీద వేలు పెట్టి, "ఇదేనా?" అంది. ఇదేనన్నాను. లేచి, చీర దులుపుకుని, వేలానికి నాలుగు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కు వచ్చింది.

"ఒసే గుంటా, ఆ కాయితం డాట్రుబాబుకి సూపించు, డిల్లీకి అంపించు, నాకేటి. గుర్రికి మాత్రం సూపించకు."